చివరి బంతి

ఎస్టిమేట్ కాగితంలో ఫర్నిచర్ ఎప్పుడూ అట్టడుగు వరుసలోనే ఉంటుంది. మా బావ లాడ్జి బాగుచేయించడానికి నేను వేసిచ్చిన లెక్కలో అది 23వ వరుస. దాని కింద ఇక మొత్తం గీతే. పెళ్ళిలో చివరి బంతికి కూర్చున్నవాళ్ళ సంగతి తెలిసిందే కదా: గారెలు అయిపోయి ఉంటాయి, పప్పులో నీళ్ళు పడి ఉంటాయి, వడ్డించేవాడి మర్యాద మాత్రం రెండింతలవుతుంది. ఉప్పల్ స్టేడియం చుట్టూ తిరుగుతూ పెరిగిన మా మేనల్లుడికి చివరి బంతి అంటే సిక్సర్. నాకు మాత్రం ఖాళీ గుండిగ అడుగున గరిటె గీకిన చప్పుడు.

లాలాపేట్‌లో మెయిన్ రోడ్డు మీంచి ఒక్క మలుపు లోపలికి తిరిగితే బావ లాడ్జి. మూడంతస్తులు, 14 గదులు. చార్మినార్ చూడటానికి వచ్చినవాళ్ళెవరూ ఇక్కడ దిగరు. లాలాగూడ రైల్వే ఆసుపత్రిలోనో, తార్నాక ఆర్టీసీ ఆసుపత్రిలోనో ఎవరినో చేర్పించి వచ్చినవాళ్ళు దిగుతారు. ఉస్మానియాలో పరీక్ష రాసే కూతురి వెంట వచ్చిన తండ్రి దిగుతాడు. నాచారం ఫ్యాక్టరీల్లో మిషన్ బిగించడానికి కోయంబత్తూరు నుంచో పుణె నుంచో వచ్చిన మెకానిక్ వారం రోజులుంటాడు. మ్యాచ్ ఉన్న రోజున కుర్రాళ్ళు ఒక గదికి డబ్బులు కట్టి ఆరుగురు దూరతారు. తెల్లవారుజామున విజయ డెయిరీ పాల బండ్ల చప్పుడుకు అందరికీ ఒకేసారి మెలకువ వస్తుంది.

మా వైపు హోటల్ అంటే ముందు గుర్తొచ్చేది చాయ్. "హోటల్‌కు పోదాం పా" అంటే పెట్టె సర్దుకోమని కాదు. పడుకునే చోటు లాడ్జి. బావకు ఆ మాట మీదే కోపం. సంబంధాలు చూసేటప్పుడు "లాడ్జి ఓనరు" అంటే ఎదుటివాళ్ళ ముఖం కొంచెం మారుతుందని ఆయన అనుమానం. అందుకే కొత్త బోర్డు మీద "హోటల్" అని ఉండాలి. ఆ ఒక్క మాట మారడానికి 62 లక్షలు. నాచారంలో ముప్ఫయ్యేళ్ళు జమాఖర్చులు రాసిన బామ్మర్దిని కాబట్టి లెక్క నా నెత్తిన పడింది.

మొదట రాసినప్పుడు ఫర్నిచర్‌కు 11,20,000. గదికి 80,000. ఇద్దరం సంతోషించాం. తర్వాత గోడలు పగలగొట్టారు. లోపల ఇనుప పైపులు తుప్పు పట్టి, చేత్తో నలిపితే రాలుతున్నాయి. పైపులన్నీ మార్చాలి. కరెంటు వైరింగు ఏసీల బరువు మోయదన్నారు. లిఫ్టు గుంత తవ్వితే నీళ్ళొచ్చాయి. నిప్పు అంటుకుంటే ఆర్పే ఏర్పాట్ల మీద బేరమాడకూడదు, ఆడలేదు. ప్రతిసారీ బావ నా దగ్గరికొచ్చి ఒకటే మాట: "మంచాలదేముంది బామ్మర్దీ, చివరకు సూసుకుందాం." ప్రతిసారీ నేను 23వ వరుసలోంచి కొంత తీసి పైకి పంపాను. వినాయక చవితి నాటికి అక్కడ మిగిలింది 5,60,000. గదికి 40,000.

ఇందులో బావ తప్పేమీ లేదు. పైపు ఆగదు. గోడ మూసేలోపు అది వెయ్యాలి, మూశాక వేద్దామంటే మళ్ళీ గోడే పగలాలి. కుర్చీ అట్లా కాదు, తాళం చెవులు ఇచ్చే ముందురోజు వచ్చినా చాలు. ఆఖరున వచ్చేదానికి ఓపిక ఎక్కువ అనుకుంటాం, దాని డబ్బు ముందొచ్చినవాళ్ళకి ఇచ్చేస్తాం. తీరా చూస్తే, గది అద్దెకు తీసుకున్న మనిషి ఒంటికి తగిలేది అదొక్కటే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆయన వీపుకు తెలిసేది మంచం. ఫాల్స్ సీలింగ్ మీద ఎవరూ పడుకోరు.

మా బాపు లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో కార్పెంటర్. 1893లో నిజాం కాలపు రైల్వే పెట్టిన షాపు అది. బాపు 1968లో చేరి 2006లో రిటైరయ్యాడు. బావ ఆయనకు మేనల్లుడే, అల్లుడు కూడా అయ్యాడు, కాబట్టి మర్యాదల బాధ లేదు. ఒకనాడు లాడ్జి మెట్లెక్కి వచ్చి, తళతళలాడే నాపరాళ్ళూ కొత్త కుళాయిలూ అన్నీ చూసి, కిటికీ దిమ్మె మీద కూర్చొని అడిగాడు:

"అల్లుడా, పైపుకు పెట్టినవ్, పాలిషుకు పెట్టినవ్. పండేటోనికి ఏం పెట్టినవ్?"

బావ నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

బాపుకి ఈ విషయంలో మాట్లాడే హక్కుంది. ఆయన జీవితమంతా ముక్కూ మొహం తెలియని మనుషులు పడుకునే బల్లలు చేశాడు. ఇంటికి మంచం చేసే వడ్రంగికి దాని మీద ఎవరు పడుకుంటారో తెలుసు. పెళ్ళికూతురి పొడవు తెలుసు, అత్తగారి బరువు తెలుసు. రైలు బెర్తుకు అట్లాంటి కొలతలేమీ ఉండవు. ఖాజీపేటలో ఎక్కినవాడు నాగపూర్‌లో దిగుతాడు, వాడి చోట్లో ఇంకొకడు. హోటల్ మంచమూ అదే జాతి. సొంతదారు లేని మంచం. దాన్ని ఎవరూ మెల్లగా వాడరు, ఎవరూ దుమ్ము దులపరు, దాని మీద ఎవరికీ జ్ఞాపకాలుండవు.

చాలామంది మరిచిపోయారు గాని, ఒకప్పుడు రైలు రెండో తరగతిలో పడుకోవాలంటే వట్టి చెక్కే. 1977లో జనతా ప్రభుత్వంలో రైల్వే మంత్రి అయిన మధు దండవతే ఆ చెక్కల మీద రెండంగుళాల ఫోమ్ వేయించాడు. మా ఇంట్లో దండవతే పేరు మంత్రిగా కంటే పరుపుల మనిషిగా ఎక్కువ వినపడేది. రెండంగుళాలే. కానీ ఈ దేశంలో ఎన్ని బెర్తులుంటాయో లెక్కేసుకుంటే, ఫర్నిచర్ పద్దు మీద అంత పెద్ద నిర్ణయం మరొకటి నాకు గుర్తుకు రాదు. ఆయన కూడా ఏ అధికారి నోటనో "చెక్క చాలదా సార్, ఇన్నాళ్ళూ పడుకోలేదా" అన్న మాట వినే ఉంటాడని నా ఊహ. మా బావ నోట నేను రోజూ వింటున్న మాటే అది.

కొటేషన్లు వచ్చాయి. ఒక షోరూం వాళ్ళు రంగురంగుల పుస్తకం ఇచ్చారు. అందులో గది మొత్తం 38,000కు వస్తుంది, పైగా వారంలో. పట్టి చూస్తే అంతా రంపపు పొట్టు అదిమి చేసిన బోర్డు. తడిబట్ట ఆరేస్తే ఆర్నెల్లలో పొంగిన పూరీ అవుతుంది. ఇంకొకరు ప్లైవుడ్ అన్నారు. ప్లైవుడ్‌లో కులాలున్నాయి. 303 నంబరుది కొంచెం చెమ్మకు ఓర్చుకుంటుంది. 710 నంబరుది మరిగే నీళ్ళలో 72 గంటలు పెట్టినా పొరలు విడకూడదు. రెండింటికీ పైన సన్మైకా వేశాక తేడా తెలియదు, బిల్లులో తప్ప. మేస్త్రీ రాజస్థాన్ నుంచి వచ్చినవాడు. రెండు ముక్కలు చేతికిచ్చి, "దోనో 710 హై" అన్నాడు.

బాపు ఆ ముక్కలు జేబులో వేసుకొని అక్క వంటింట్లోకి పోయి గిన్నెలో నీళ్ళు పెట్టాడు. పగటి అన్నాల తర్వాత మొదలైన మరగడం దీపాల వేళ దాకా సాగింది. "నా గ్యాసు మీద కట్టెలు ఉడకబెట్టవడితిరి, రాత్రికి అవే తినుండ్రి" అని అక్క ఒకటే సణుగుడు. సాయంత్రానికి ఒక ముక్క రాయిలా అట్లాగే ఉంది. రెండోది ఉల్లిపాయలా పొరలు పొరలుగా విచ్చుకుంది. బాపు ఆ పొరల్ని పళ్ళెంలో పెట్టి మేస్త్రీ ముందుకు జరిపాడు. ఆ మేస్త్రీ మంచివాడే. నవ్వి, "దుకాణంవాడు నన్నూ ముంచాడు" అన్నాడు. అది నిజమో కాదో గాని, ఆ తర్వాత ప్రతి షీటు మీదా ముద్ర చూపించి మరీ కోశాడు.

తర్వాత బాపు అన్న మాట పెద్ద హోటళ్ళు కట్టేవాళ్ళు ఎప్పటి నుంచో చేస్తున్నదే. ముందు ఒక్క గది చేసి చూడాలి, అందులో పడుకోవాలి, ఆ తర్వాతే మిగతా గదులకు ఆర్డరివ్వాలి. దానికి వాళ్ళు మాక్-అప్ రూం అని పేరు పెట్టుకున్నారు. మేం 104ను ఎంచుకున్నాం. నమూనా మంచం, పరుపు, అద్దం ఉన్న డ్రెస్సింగ్ టేబుల్, గోడకు మెత్తటి ప్యానెల్, చిన్న సోఫా. ఒక రాత్రి ముగ్గురం అక్కడే ఉన్నాం. బాపు మంచం మీద, నేను కింద చాప మీద, బావ సోఫాలో.

ఆ ఒక్క రాత్రికి నా కాగితం సగం కొట్టివేతలతో నిండిపోయింది. అక్క పంపిన టిఫిన్ క్యారియర్ పెట్టుకోవడానికి చోటు లేదు. సోఫా ముందు బల్ల మోకాళ్ళ కిందికి ఉంది, మంచం మీద పేపరు పరిచి తిన్నాం. సంచులు నేల మీద. తువ్వాలు ఆరేయడానికి కొక్కెం లేక అద్దం మీద వేశాం. ఆ అద్దం మంచానికి ఎదురుగా ఉంది, రోడ్డు మలుపులో ఏ బండి తిరిగినా దాని లైటు అద్దంలో పడి గదంతా ఉరుము లేని మెరుపు. బాపు రెండుసార్లు ఉలిక్కిపడి లేచాడు. లేవడమూ తేలిగ్గా లేదు. ఈ కాలపు ఫ్యాషన్ మంచాలు నేలకు అతుక్కున్నట్టుంటాయి. ఆయన మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకొని, నా భుజం పట్టుకొని లేచాడు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు దిగే చోట సగం మందికి అవే మోకాళ్ళు. పొద్దున్నే నేను మొదట రాసింది: మంచం ఎత్తు పరుపుతో కలిపి 18 అంగుళాలకు తగ్గరాదు.

మెత్తటి ప్యానెల్ పోయింది. డ్రెస్సింగ్ టేబుల్ పోయింది, అద్దం బాత్రూం పక్క గోడకు చేరింది. సోఫా పోతుంటే బావ మొహం చూడలేకపోయాను. ఆయన ఊహించుకున్న ఫొటోలన్నీ ఆ సోఫా చుట్టూనే ఉన్నాయి. బదులుగా ఇనుప ఫ్రేం మంచం, పైన 710 ప్లైవుడ్, అయిదంగుళాల పరుపు. పరుపు ఫోమ్‌కు సాంద్రత చూడాలి. 40 అంటే ఘనపు మీటరుకు 40 కిలోలు. తక్కువది మొదటి రోజు మెత్తగా ఉండి, రెండో ఏటికి నడుము పడే చోట బొరియ పడుతుంది. అన్నం తినడానికి సరైన ఎత్తులో బల్ల, ఒక కుర్చీ, సంచి పెట్టుకునే చిన్న బెంచీ, నాలుగు కొక్కేలు, ఒక ఆరేసే తాడు. మొత్తం 35,000. గదికి 5,000 మిగిలింది! 14 గదులకు 70,000. ఆ రోజు బావ నాకు బిర్యానీ తినిపించాడు.

కుర్చీ దగ్గర మాత్రం ఒక యుద్ధం జరిగింది. 1,450కి వచ్చే కుర్చీ ఉండగా 3,900ది ఎందుకని బావ. పాతవాటి అనుభవం చూస్తే చవక కుర్చీ ఏడాదిన్నర వస్తుంది, అంటే నెలకు 80 రూపాయలు. గట్టిది ఎనిమిదేళ్ళు వచ్చినా నెలకు 40. ఎనిమిదేళ్ళ లెక్క నేను గాలిలోంచి తీయలేదు. కంపెనీల చట్టం మామూలు ఫర్నిచర్‌కు పదేళ్ళ ఆయువు రాసి, హోటళ్ళ ఫర్నిచర్‌కు ఎనిమిదే రాసింది. హోటల్ కుర్చీ ఇంటి కుర్చీ కంటే ముందే చస్తుందని చట్టానికి కూడా తెలుసు. ఆదాయపు పన్నువాళ్ళకు మాత్రం ఈ దయ లేదు. ఏడాదికి మిగిలిన విలువ మీద 10 శాతమే తగ్గించనిస్తారు. లక్షకు కొన్న సామాను ఏడేళ్ళ తర్వాత కాగితం మీద 47,830గా బతికే ఉంటుంది. అప్పటికి అసలు కుర్చీలు జుమ్మెరాత్ బజార్‌లో మూడు కాళ్ళ మీద నిలబడి ఉంటాయి.

ఫలక్‌నుమా ముచ్చట ఈ సందర్భంలో బావకు చెప్పాను. పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి, దాదాపు పదేళ్ళు కట్టించి, లోపల సామాను నింపి, ఖర్చుకు తట్టుకోలేక అప్పులపాలయ్యాడు. చివరికి భవనం ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి పోయింది. నిజాం ప్రధానమంత్రి ఎస్టిమేటే తలకిందులైంది, మనదెంత అని బావకు ధైర్యం చెప్పడం నా ఉద్దేశం. తాజ్ వాళ్ళు దాన్ని బాగుచేసి హోటల్‌గా తలుపులు తెరిచింది 2010 నవంబరులో. అక్కడ 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉంది కదా, ఆ బల్ల కోసమే హోటల్ వచ్చినట్టుంటుంది. అట్లాంటి చోట ఫర్నిచర్ మొదటి బంతి. బావ అంతా విని, "నూటొక్క మంది కూసునే బల్ల మన 104ల పడుతదా?" అని మాత్రం అడిగాడు.

నాకైతే ఫలక్‌నుమా కంటే సికింద్రాబాద్ ఇరానీ హోటళ్ళే దగ్గర. పాలరాయి పరిచిన బల్ల, వంచిన చెక్కతో చేసిన కుర్చీ. ఆ కుర్చీల జాతికి మూలపురుషుడు 1859లో తోనెట్ అనే వడ్రంగి కంపెనీ వియన్నాలో అమ్మకానికి పెట్టిన 14వ నంబరు కుర్చీ. ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విడదీస్తే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. పెట్టెల్లో సర్దుకొని ప్రపంచమంతా తిరిగింది. మన ఇరానీలు అటువంటి కుర్చీల మీద డబ్బు పెట్టారు, ఒక్క చాయ్ తాగి రెండు గంటలు కూర్చున్నవాణ్ణి భరించారు. ఇప్పటి టిఫిన్ సెంటర్లలో కుర్చీల పద్దే లేదు. రొమ్ము ఎత్తున గుండ్రటి స్టీలు బల్ల, ఇడ్లీ, నిలబడి తిను, జరుగు. అదీ ఒక బడ్జెటే, తప్పు పట్టను. అయితే నిలబెట్టాలా కూర్చోబెట్టాలా అన్న తీర్పు ఎస్టిమేటు రాసేవాడి చేతిలోనే జరిగిపోతుంది.

బిర్యానీ అరగకముందే నా తప్పు బయటపడింది. ఫర్నిచర్ మీద జీఎస్టీ 18 శాతం. గది అద్దె మీద మేం కట్టే 12 శాతంలోంచి దాన్ని మినహాయించుకోవచ్చు కదా అని, ఆ పన్ను నేనసలు లెక్కలోనే వేయలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు మారాయి. 7,500 దాకా అద్దె ఉన్న గదులకు 5 శాతమే, కానీ కొన్న సామాను మీద కట్టిన పన్ను తిరిగి రాదు. గదిలో దిగేవాడికి మంచిదే. మా సామాను అప్పటికింకా కొనలేదు. 4,90,000 మీద 18 శాతం అంటే 88,200. మిగిలిందనుకున్న 70,000 పోగా, ఇంకా 18,200 వెతకాలి. వెదురు, పేము ఫర్నిచర్‌కు మాత్రం 5 శాతమేనని చదివి, బాపు ముందు ఆ మాటెత్తి మరీ తిట్లు తిన్నాను. "పేము కుర్చీల కూసుంటే అంగీలు చినుగుతయ్ రా."

ఆ 18,200 చివరికి బోర్డులో దొరికింది. మిణుకుమిణుకుమనే లైట్లతో ఎనిమిదడుగుల బోర్డు బావ ఆశ. ఇప్పుడు అక్కడ పెయింటర్ చేత్తో రాసిన అక్షరాలున్నాయి. "హోటల్" అనే ఉంది, దాని మీద ఒక ట్యూబ్‌లైట్. అదనపు మంచాలకు అటక మీది పాతవి ఆరు దించి, కొత్త నవారు అల్లించాం. అవి మా మేనత్త కాలం నాటి టేకు కోళ్ళు. బాపు వాటిని చిత్రిక పట్టి, రోజంతా వాటి దగ్గరే కూర్చున్నాడు.

పెద్ద హోటళ్ళ ఒప్పందాల్లో రాబడిలో ఏటా ఒక వంతు, సాధారణంగా 4 శాతం, ఫర్నిచర్ మార్చడానికి పక్కన పెట్టాలని రాసుకుంటారు. మా గది అద్దె 1,200. అందులో 4 శాతం 48 రూపాయలు. కౌంటరు కింద ఒక డబ్బా పెట్టించాను. మొదటి నెల సరిగ్గా పడ్డాయి. రెండో నెల అందులోంచి నీళ్ళ మోటారు బాగైంది.

సంక్రాంతి తర్వాత ఒక సాయంత్రం బావ ఫోను. 104లో కుర్చీ మాటిమాటికీ మాయమవుతోందట. దొంగతనం కాదు. గదిలో సిగ్నల్ రాదు, దిగినవాళ్ళు కుర్చీని వరండాలోకి లాక్కొచ్చి ఇంటికి ఫోన్లు చేసుకుంటున్నారు. ఆ వేళ మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన అక్కడే కూర్చొని, ఆపరేషన్ బాగా అయిందని ఒక్కొక్కరికే చెప్తున్నాడు. కుర్చీ కాళ్ళు కొత్త టైల్స్ మీద గీతలు పెడుతున్నాయని బావ బాధ. నేలకు స్క్రూ కొట్టించేస్తానంటున్నాడు. ఫోను స్పీకర్ మీద ఉంది, బాపు పక్కనే ఉన్నాడు.

"కుర్సీని కట్టేస్తవా, అల్లుడా? ఇంకోటి కొను."

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత బావ, "బామ్మర్దీ, ఏ వరుసల రాస్తవ్?" అన్నాడు. పాత కాగితం తెరిచాను. మొత్తం గీత కింద ఇంకొంచెం చోటుంది. 24 వేసి రాశాను: వరండా కుర్చీ, 1.